ఇంట్లో మోగే ఫోను

ఆ ఇంట్లో ఫోన్లకు ఒక గట్టు ఉంది. వీధివైపు బాల్కనీలో, నడుమెత్తు గోడ మీద, మామగారు తన చేత్తో పరిచిన తెల్లటి టైల్సు గట్టు. ఆయన ఎన్నో ఏళ్ళు టైల్సు మేస్త్రీగా పనిచేసి, ఊళ్ళో సగం ఇళ్ళ నేలలు అద్దంలా మెరిపించినవాడు. పని మానేశాక చేతులు ఊరుకోక, ఇంటిల్లిపాదికీ, రాబోయే కోడలికి కూడా కలిపి, తలా ఒక గడి చొప్పున అయిదు గళ్ళతో ఈ గట్టు కట్టి, ఎండ తగలకుండా పైన చిన్న రేకు కూడా వేశాడు. బయటినుంచి వచ్చిన మనిషి ముందు ఫోను తన గడిలో పెట్టాలి, తరవాతే కాళ్ళు కడుక్కోవాలి. మోగితే దగ్గరున్నవాళ్ళు తీస్తారు. ఎవరి ఫోను ఎవరు తీశారన్న పట్టింపు ఆ ఇంట్లో లేదు. మామగారి లెక్కలో దాని పేరు కుటుంబ ఐకమత్యం.

అసలు సంగతేమిటంటే, ఆ గట్టు మీద తప్ప ఇంట్లో ఇంకెక్కడా ఫోను పనిచెయ్యదు. మూడో అంతస్తులో వాటా. వెనక కిటికీలు తీస్తే కోల్డ్ స్టోరేజీ వాళ్ళ గోడ తప్ప ఆకాశం కూడా సరిగా కనబడదు. ఫోను పట్టుకుని హాల్లోకి వస్తే సిగ్నల్ సగం చచ్చిపోతుంది, వంటింటిదాకా వస్తే అది టైము చూసుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. కానీ గట్టు దగ్గర నిలబడి మాట్లాడటమే అలవాటైన ఆ ఇంటివాళ్ళకు ఈ ముక్క తెలియనే తెలియదు. పైగా మామగారు ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ గట్టు దగ్గరికి లాక్కెళ్ళి, "చూడండి, మా గొడుగు కంపెనీ సిగ్నలు! ఎప్పుడు చూసినా నిండుగా ఉంటుంది" అని మురిసిపోయేవాడు. గొడుగు బొమ్మ ఉన్న ఆ కంపెనీ మీద ఈగ వాలినా ఒప్పుకునేవాడు కాదు.

ఈ ఇంటికి కోడలొచ్చింది. ఆమె బస్సు డ్రైవరు.

పెళ్ళిచూపులప్పుడు ఆ మాట చెబితే అత్తగారు ముక్కున వేలేసుకుంది గాని, కాదనలేదు. "ఏదో సరదాకి తోలుతుంది లే, నాలుగు రోజులు పోతే అదే మానేస్తుంది" అనుకుంది. అక్కడే పొరబడింది. కోడలికి అది సరదా కాదు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆమెకు ఆకలి కూడా గుర్తుండదు. పరీక్షనాడు అంత పొడుగు బస్సునీ వెనక్కి నడిపించి గీతల మధ్య ఒక్క ఊపులో పెట్టేసరికి, పరీక్ష పెట్టినాయన కిందికి దిగి చక్రాలు చూసి మరీ వెళ్ళాడు. అయితే ఆమె ఇంకా స్పేర్ డ్రైవరు, అంటే సొంత రూటు లేని డ్రైవరు. ఎవరికైనా జ్వరమొస్తేనో, కాలు బెణికితేనో, ఆ పూట వాళ్ళ బస్సు తోలాలి. పొద్దున్నే డిపో కంట్రోలరు ఫోను చేస్తాడు. తీస్తే డ్యూటీ నీది. తియ్యకపోతే తరవాతివాళ్ళది. ఎన్ని పిలుపులు అందుకుంటే పర్మనెంటుకి అంత దగ్గర.

మొదటిసారి పిలుపొచ్చినప్పుడు కోడలు తలంటుకుంటోంది. గట్టు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్న అత్తగారు ఫోను తీసింది. ఆవిడకు ఫోనులో మనిషి దొరికితే వదలబుద్ధి కాదు. కంట్రోలరు ఎవరో, పిల్లలెందరో, ఆయన భార్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అన్నీ కనుక్కుని, "తలంటుకుంటోంది బాబూ, తీరిగ్గా చెయ్యి" అని పెట్టేసింది. ఆ సంగతి కోడలికి మధ్యాహ్నం అన్నాల దగ్గర, కూర బాగుందా అని అడిగాక చెప్పింది.

రెండోసారి మామగారు తీశాడు. ఆయన అంత మాట కూడా పెంచలేదు. "ఇవాళ మా ఇంటికి చుట్టాలొస్తున్నారండీ, అమ్మాయికి కుదరదు" అని తనే తేల్చి చెప్పేశాడు. కోడలు అప్పటికి యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. ఆమెకు కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తన ఉద్యోగానికి సెలవు పెట్టే హక్కు ఇంట్లో అందరికీ ఉంది, తనకు తప్ప.

మర్నాడు డిపోకి వెళ్తే కంట్రోలరు కళ్ళజోడు మీదినుంచి చూశాడు.

"చూడమ్మా, నేను డ్రైవర్ని పిలుస్తున్నానా, మీ ఇంటి యోగక్షేమాలు కనుక్కుంటున్నానా? మీ అత్తగారు మంచావిడే, కాదనను. మా ఆవిడ మోకాలికి ఏదో నూనె కూడా చెప్పారు. కానీ బస్సు కదలాలి కదా? త్వరలో ఒక పర్మనెంటు ఖాళీ వచ్చేలా ఉంది. నీ చెయ్యి మంచిదని నాకు తెలుసు. కానీ ఇంకొక్కసారి నీ ఫోను నువ్వు తియ్యలేదో, నీ పేరు స్పేర్‌లోంచే కొట్టేస్తాను. ఇక పర్మనెంటు మాట దేవుడెరుగు."

"ఇంకెప్పుడూ జరగదు సార్" అంది కోడలు. ఎలా జరగకుండా చూడాలో మాత్రం ఆమెకు తోచలేదు.

ఇంటికొచ్చి ఫోను గట్టు మీద పెట్టడం మానేసింది. వంటింట్లో పొయ్యి పక్కనే పెట్టుకుని, దానివైపే చూస్తూ పొద్దంతా పని చేసుకుంది. ఒక్క ఫోనూ రాలేదు. హమ్మయ్య అనుకుంటూ బట్టలారేయడానికి బాల్కనీలోకి వెళ్ళిందో లేదో, నడుమున దోపుకున్న ఫోను ఒకటే మోత. ఫలానావాళ్ళు ఫోను చేశారు, ఫలానావాళ్ళు ఫోను చేశారు అంటూ మెసేజీల వాన. పుట్టింటివాళ్ళు, స్నేహితురాలు, బ్యాంకువాళ్ళు. కంట్రోలరు పేరు లేదు గాని, ఉంటే ఆ పూటతోనే తన పేరు కొట్టేసేవాడు. తడి బట్ట చేతిలో పట్టుకునే హాల్లోకి ఒక అడుగు, బాల్కనీలోకి ఒక అడుగు వేసి చూసింది. లోపలికొస్తే గీతలు మాయం, బయటికెళ్తే నిండుగా ప్రత్యక్షం. గొడుగు కంపెనీ బండారం అప్పుడు బయటపడింది.

రాత్రి భోజనాల దగ్గర మెల్లగా అంది. "నేను ఫోను కంపెనీ మారుస్తానండీ."

మామగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మారుస్తావా? అంటే ప్లానులోంచి వెళ్ళిపోతావా? అయిదుగురుంటేనే అది ఫ్యామిలీ ప్లాను. ఒకరు జారుకుంటే ప్లానే పోతుంది, తెలుసా?"

"ఇవాళ ఫోను వేరంటావు. రేపు పొయ్యి వేరంటావు. ఎల్లుండి వాటా చూసుకుంటాం అంటావు" అని అత్తగారు అప్పుడే కళ్ళు ఒత్తుకుంది.

"వదినా, ప్లాను పోతే నా నెట్టు పోతుంది. నా మొహం చూసైనా ఉండిపో" అంది ఆడపడుచు. అయిదుగురి నెట్టూ ఆ పిల్ల ఒక్కతే తాగేస్తుందన్నది ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇంట్లో సిగ్నల్ రావట్లేదు మామయ్యగారూ."

"రావట్లేదా? గొడుగుకా?" మామగారు లేచి, ఎంగిలిచేత్తోనే గట్టు దగ్గరికి వెళ్ళి, మోచేత్తో ఫోను తట్టి చూపించాడు. "ఇదేమిటి మరి? కళ్ళు కనబడట్లేదా?"

భర్త నోట్లో ముద్ద అటు మింగా లేక ఇటు కక్కా లేక కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. ప్రింటింగ్ ప్రెస్సులో రోజంతా మెషిన్ల హోరులో గొంతు చించుకునే మనిషి, తండ్రి ముందుకొస్తే పిల్లిలా అయిపోతాడు. కోడలికి ఆయన మీద కూడా ఒళ్ళు మండింది. అన్నం సగంలో లేచిపోలేదు గాని, కంచాలు మాత్రం వీధిదాకా వినబడేలా కడిగింది. తాడో పేడో తేల్చుకోవాల్సిందేనని అనుకుంది.

మర్నాడు వీధి చివర ఫోన్ల షాపుకి వెళ్ళింది. షాపతను గోడకున్న పెద్ద చిలక బొమ్మ చూపించాడు.

"కళ్ళు మూసుకుని చిలక తీసుకోండమ్మా. ఊరంతా చిలకే."

"ఊరి సంగతి నాకెందుకండీ? మా వంటింట్లో వస్తుందా?"

షాపతను బుర్ర గోక్కున్నాడు. "వంటింట్లోనా? ఈ ప్రశ్న ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు."

"బాత్రూంలో?"

"అమ్మా, చిలక కంపెనీకి సముద్రంలో కూడా సిగ్నల్ ఉందని ప్రకటన ఇచ్చారు."

"నేను సముద్రంలో తలంటుకోను కదండీ" అంది కోడలు. కొత్త రూటు ఇచ్చినప్పుడు డ్రైవర్లు ముందు ఆ రూటులో ఒకసారి ప్రయాణికుల్లా కూర్చుని వెళ్ళొస్తారు. మలుపెక్కడ, గుంటెక్కడ, చెట్టుకొమ్మ ఎక్కడ తగులుతుందో చూసుకున్నాకే స్టీరింగు పట్టుకుంటారు. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. "చూసి తీసుకోవడానికి ట్రయల్ కార్డులేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

చిలక కార్డు తీసిచ్చాడు. మూలన దుమ్ము పట్టిన ఇంకో డబ్బా మీద చీమ బొమ్మ చూసి అదీ ఇమ్మంది. షాపతను నవ్వాపుకోలేకపోయాడు. "చీమ కంపెనీయా? దాన్ని ఎవరూ అడగరమ్మా. అడిగి తీసుకున్న మొదటి మనిషి మీరే."

"పెట్టండి. మోగితే చీమైనా నాకు ఏనుగే."

అత్తగారు పక్కింట్లో కబుర్లకు కూర్చున్న సమయం చూసి, కోడలు పెట్టె అడుగున ఊరికే పడున్న తన పాత ఫోనులో ముందు చిలకను వేసింది. వంటింట్లో నిలబడి ప్రెస్సులో ఉన్న భర్తకు ఫోను చేసింది.

"ఏవండీ, వంటింట్లోంచి మాట్లాడుతున్నా. వినబడుతోందా?"

"ఆఁ? ఏమిటి? వంటింట్లో ఏమయింది?"

"ఏమీ అవలేదు. వినబడుతోందా?"

"గరగరలాడుతోంది! సగం మాటలు రావట్లేదు!"

బాత్రూంలోకి వెళ్తే ఆ గరగర కూడా లేదు. సముద్రాలు దాటిన చిలక వాళ్ళ బాత్రూం తలుపు దాటలేకపోయింది. ఆశ సగం చల్లారిపోయి, చీమను వేసింది. వంటింట్లోంచి చేసింది. మంచాల గదిలోంచి చేసింది. చివరికి బాత్రూంలోకి వెళ్ళి, తలుపు గడియ వేసి, కుళాయి కూడా తిప్పి చేసింది.

"ఏవండీ, ఇప్పుడు బాత్రూంలో ఉన్నా. తలుపేసుకున్నా. వినబడుతోందా?"

మెషిన్ల హోరును మించి భర్త కేక పెట్టాడు. "బాత్రూంలోంచి బ్రహ్మాండంగా వినబడుతున్నావు! నీళ్ళ చప్పుడు కూడా వినబడుతోంది!"

సరిగ్గా ఆ క్షణానే ఎవరో మెషిన్ ఆపారు. ప్రెస్సు ప్రెస్సంతా ఆ మాట విన్నది. ఆ తరవాత చాలా రోజులు ఆయన్ను అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, ఆ బాత్రూం మాటతోనే పిలిచారు. కానీ ఆయన సిగ్గుపడటం పోయి నవ్వడం మొదలుపెట్టాడు. "మెట్ల మీద కూడా చూడు, డిపో దారిలో కూడా చూడు, నేను ఇక్కడే ఉన్నా" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన తనవైపు నిలబడ్డది అదే మొదటిసారి. కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెట్ల మీదినుంచి, వీధిలోంచి, రైలు వంతెన కిందినుంచి, డిపో గేటు దగ్గరినుంచి ఫోను చేస్తూనే వెళ్ళింది. చీమ ఎక్కడా కాలు జారలేదు. తిరిగొస్తూ తలెత్తి చూస్తే, కోల్డ్ స్టోరేజీ కప్పు మీద ఇన్నాళ్ళూ ఏదో నీళ్ళ ట్యాంకు స్తంభం అనుకున్నదానికి చిన్న చీమ బొమ్మ వేలాడుతోంది.

ఆ కొత్త నంబరు పట్టుకుని కంట్రోలరు దగ్గరికి వెళ్ళింది. "సార్, పాతదానికి ఒకసారి, దీనికి ఒకసారి చేస్తారా?"

"నాకు అంత తీరిక లేదమ్మా. ఒక్క నంబరు చెప్పు. ఏది?"

కోడలు మనసులోనే లెక్క వేసుకుంది. పాత నంబరు చెబితే రోజంతా గట్టు దగ్గర కాపలా కూర్చోవాలి. కొత్తది చెబితే, ఊళ్ళో ఎవరూ నమ్మని చీమ మీద ఉద్యోగం మొత్తం పెట్టినట్టే. ఒక్క పొద్దు పరీక్షలో నెగ్గింది, నిజమే. రేపు వానొస్తేనో? గాలొస్తేనో? డిపో ఆవరణలో వరసగా నిలబడ్డ బస్సులు చూసింది. వాటిలో ఒకటి తనది కావాలి.

"కొత్తదే సార్. రాసుకోండి" అంది.

ఇంక మిగిలింది మామగారు. ప్లాను ఆయన పేరు మీద ఉంది. రెండు నంబర్లకూ డబ్బు కట్టడం ఆమె వల్ల కాదు, ఆయన వదిలితే తప్ప పాతదాన్నుంచి బయటపడదు. పోట్లాడితే ఆ మనిషి ఇంకా బిగుసుకుపోతాడని ఆమెకు తెలుసు. అందుకని సాయంత్రం కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మామయ్యగారూ, టైలు పరిచాక మీరు ఏం చేసేవారు?"

"వేలి కణుపుతో కొట్టి చూసేవాణ్ణి. కింద సిమెంటు నిండకపోతే బోలుగా మోగుతుంది. పీకి మళ్ళీ పరవాలి."

"ఒక్క మూల కొట్టి చూసి సరిపెట్టేవారా?"

"ఒక్క మూలా? భలేదానివే!" మామగారికి పౌరుషం వచ్చింది. "గది గదీ, టైలు టైలూ కొట్టి చూడకుండా నేనెప్పుడూ ఇల్లు అప్పగించలేదు."

"మరి గొడుగుని మనం గట్టు మీదే కదండీ కొట్టి చూసింది?"

మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. కోడలు అదను చూసి అంది. "ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటాం. ఆ ఒక్క పూట గట్టు ఖాళీగా ఉంచుదాం. ఎవరి ఫోను వాళ్ళు లోపల దగ్గర పెట్టుకుందాం. గొడుగు మోగితే ఈ జన్మకి ఇంక కంపెనీ మాట ఎత్తను. మోగకపోతే నన్ను ప్లానులోంచి వదిలెయ్యండి."

"మోగుతుంది" అన్నాడు మామగారు. "పందెమే."

ఆదివారం పొద్దున్న గట్టు బోసిగా ఉంది. మామగారు హాల్లో బల్ల మీద ఫోను నిలబెట్టి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్తగారిది పొయ్యి పక్కన. ఆడపడుచు తన గదిలో ఫోను పట్టుకుని, నెట్టు రాక గోళ్ళు కొరుక్కుంటోంది. భర్త తండ్రి మొహం, భార్య మొహం మార్చి మార్చి చూస్తున్నాడు. ఎంతసేపటికీ ఒక్క ఫోనూ మోగలేదు.

"ఎవరికీ మనతో పని లేదు ఇవాళ. ఆదివారం కదా" అన్నాడు మామగారు నిమ్మకు నీరెత్తినట్టు.

"అవునవును. ఎంత ప్రశాంతంగా ఉందో" అంది అత్తగారు.

కోడలు తలంటుకోవడానికి వెళ్ళింది. చీమ కార్డు వేసిన పాత ఫోను బాత్రూం కిటికీలో, సబ్బు పెట్టె పక్కన పెట్టుకుంది. నెత్తిన నీళ్ళు పోసుకుందో లేదో వీధి తలుపు దబదబా బాదిన చప్పుడు. అత్తగారి చెల్లెలు. మూడంతస్తులూ ఎక్కి వచ్చేసరికి ఆయాసంతో మాట రావడం లేదు.

"ఉన్నారా? బతికే ఉన్నారా అందరూ? అక్కా, పొద్దుటినుంచి ఫోను చేసి చేసి నా వేలు అరిగిపోయింది! ఒక్కరూ తియ్యరే! గ్యాసు పేలిందేమో, ఇంకేమైందోనని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాను!"

"నువ్వు చేస్తే మోగదూ? మోగలేదంటే నువ్వు చెయ్యలేదన్నమాట" అన్నాడు మామగారు, గొంతులో మునుపటి దర్జా లేకుండా.

"చెయ్యలేదా? నేనా? అబద్ధాలాడుతున్నానా?" ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైపోయింది. తన ఫోను చేత్తో పట్టుకుని నేరుగా వంటింట్లోకి నడిచి, అక్క ఫోను పక్కనే నిలబడి నంబరు నొక్కింది. ఆవిడ అప్పటికి ఏడాదినుంచీ చీమ కంపెనీ మనిషని అక్కడ ఎవరికీ తెలియదు. పొయ్యి పక్కన ఉన్న ఫోను ఉలకలేదు, పలకలేదు. ఆవిడ చేతిలో ఫోను మాత్రం ఒక ఆడగొంతుతో, మీరు పిలుస్తున్నవారు అందుబాటులో లేరని అందరికీ వినబడేలా చెప్పింది.

అత్తగారు తన ఫోనునీ, తననీ చూసుకుంది. "ఇదేమిటి, నేను ఇక్కడే ఉన్నాగా!"

మామగారు కుర్చీలోంచి లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. ఏళ్ళ తరబడి నెత్తిన పెట్టుకున్న గొడుగు అది. అప్పుడే బాత్రూంలో ఫోను మోగింది, ఇల్లంతా ఖంగుమనేలా.

కోడలి తల నిండా సబ్బు నురగ. కళ్ళు మండుతున్నాయి. తడిచెయ్యి గోడ వెంట తడుముకుంటూ కిటికీ దాకా పోయి ఫోను అందుకుంది.

"హలో సార్, నేనే!"

"ఎనిమిదో నంబరు డ్రైవరుకి నడుం పట్టేసింది. బస్సు గేటు దగ్గర ఆగిపోయి ఉంది. రాగలవా?"

"బయల్దేరాను సార్!" అంది కోడలు నురగలోంచి.

"ఎవరితోనే లోపల మాట్లాడుతున్నావు?" అని అత్తగారు తలుపు దగ్గరికొచ్చేసరికి, రెండు చెంబులు కుమ్మరించుకున్న కోడలు తలకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసింది. యూనిఫారం ఎప్పుడు వేసుకుందో, మెట్లు ఎప్పుడు దిగిందో ఎవరికీ తెలియదు.

ఎనిమిదో నంబరు రూటంటే స్పేర్ డ్రైవర్లకు హడల్. ఆస్పత్రి దాటి, రాళ్ళ క్వారీ పక్కనుంచి కొండ ఎక్కి దిగాలి. దారి సన్నం. కొండ మలుపులో ఆ రోజు రాళ్ళ లారీ ఎదురైంది. లారీవాడు చెయ్యి ఊపుతున్నాడు, తను వెనక్కి పోలేనని. బస్సు నిండా జనం. ముందు సీటులో ఉన్న ముసలాయన, "అమ్మాయి చేత ఏమవుతుందయ్యా, దిగి నడుద్దాం" అని సంచీ సర్దుకున్నాడు. కోడలు అద్దంలోకి చూసింది. ఒకవైపు బండరాయి, ఒకవైపు పిట్టగోడ. కండక్టరును వెనక నిలబడమని, బస్సును వెనక్కి నడిపించింది. మలుపు మలుపంతా, ఎక్కడా ఆగకుండా, పిట్టగోడకు సున్నం రాలకుండా వెనక్కి తీసుకెళ్ళి, వెడల్పు చోట పక్కకు ఒత్తి నిలబెట్టింది. లారీ వెళ్ళిపోయింది. బస్సంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. ముసలాయన సంచీ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, "మా అమ్మాయే" అన్నాడు పక్కవాడితో, ఏ సంబంధమూ లేకపోయినా. కోడలికి గట్టిగా పాడాలనిపించింది. డ్యూటీలో పాడకూడదు కాబట్టి ఊరుకుంది.

సాయంత్రం బస్సు అప్పగించి గేటు బయటికొచ్చేసరికి భర్త ఫోను. "అర్జెంటుగా మన వీధి ఫోన్ల షాపుకి రా. నాన్న ఇక్కడే ఉన్నాడు. అందరం ఉన్నాం."

ఇంకేం కొంప మునిగిందోనని ఆమె పరుగులాంటి నడకతో వెళ్ళింది. షాపులో నిజంగానే అందరూ ఉన్నారు. మామగారు కౌంటరు ముందు, గుప్పిట్లో నాలుగు గొడుగు కార్డులు పట్టుకుని నిలబడ్డాడు.

"బోలుగా మోగితే పీకెయ్యడమే" అన్నాడు ఆమె వైపు చూడకుండా. ఆ తరవాత చూశాడు. "నీ డ్యూటీకి అడ్డుపడ్డాను. చుట్టాలని చెప్పి ఆ రోజు నేను చేసింది తప్పే. ఇంక నీ ఫోను నువ్వే తియ్యి, ఎప్పుడొచ్చినా."

కోడలు తలూపింది.

షాపతను గొంతు సవరించుకున్నాడు. చీమ పేరు వింటే ఆ రోజు నవ్విన మొహమే లేదు. "చీమలో కూడా అయిదుగురి ఫ్యామిలీ ప్లానుందండీ. అయితే కార్డు ముందు ఎవరు తీసుకుంటే ప్లాను వాళ్ళ పేరు మీదే ఉంటుంది. మీ ఇంట్లో కార్డు ముందు తీసుకుంది ఈమె."

"అంటే మా అందరి ఫోన్లకీ ఈవిడ పెద్దా?" అన్నాడు మామగారు.

"అంతేనండీ. ఈవిడ సరేనంటేనే మీకు కార్డులు."

మామగారు, అత్తగారు, భర్త, ఆడపడుచు అందరూ ఆమె మొహంలోకి చూశారు. "వదినా, నా నెట్టు" అంది ఆడపడుచు దీనంగా. కోడలికి ఏనుగెక్కినంత సంబరమైంది. కాసేపు వాళ్ళనలాగే నిలబెట్టాలనిపించింది, నిలబెట్టింది కూడా. అంతలో ఆమె చేతిలో ఫోను మోగింది. తెర మీద డిపో పేరు.

షాపులో అయిదారుగురు కొనుగోలుదారులు బేరాలాడుతున్నారు, ఎవరో రింగుటోన్లు వినిపిస్తున్నారు. అత్తగారు ఒక్కసారి వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తింది.

"ఏయ్, ఎవరూ మాట్లాడకండి! మా కోడలికి డ్యూటీ ఫోనొచ్చింది!"

షాపంతా గప్‌చుప్. షాపతను కూడా చేతిలో కార్డు గాల్లోనే ఆపాడు.

"చెప్పండి సార్" అంది కోడలు.

"కొండ మలుపు సంగతి కండక్టరు చెప్పాడమ్మా" అన్నాడు కంట్రోలరు. "ఎనిమిదో నంబరు డ్రైవరు ఇంక బస్సెక్కనని, ఆఫీసు పని ఇమ్మని అడిగాడు. రేపటినుంచి ఆ రూటు నీది. స్పేర్ కాదు, పర్మనెంటు. వస్తావా?"

అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు.

"వస్తాను సార్. నా బస్సు కడిగి ఉంచమనండి" అంది.

ఫోను పెట్టేసి, కౌంటరు మీద చెయ్యి ఆనించి, షాపతని వైపు తిరిగింది.

"రాసుకోండి. అయిదుగురం. పెద్దని నేనే."